కుడిమూల చుక్క

బోర్డక్క పుస్తకం రాసిందన్న కబురు బజారులో పొక్కగానే, ఎదురు కొట్టు తాళాలాయన చేసిన మొదటి పని పడీపడీ నవ్వడం. ముప్పైనాలుగేళ్లుగా ఊళ్లో గోడలన్నీ రాసేసింది, ఇంక చోటు దొరక్క కాయితాల మీద పడిందని అన్నాడట. బోర్డక్క కోప్పడలేదు సరికదా, ఆయన బోర్డు కథ కూడా అందులో ఉందని చెప్పి ఒక కాపీ ఆయన చేతిలో పెట్టి వచ్చింది. ఆయన ఆ సాయంత్రమే చదివాడు. మర్నాటినుంచి తాళం కొనడానికి వచ్చినవాళ్లందరికీ ఆ పేజీ తెరిచి చూపించడమే పని. తన గురించి నాలుగు మంచి ముక్కలు అచ్చులో కనబడితే ఎంతటివాడైనా మెత్తబడతాడు మరి.

బోర్డక్క అసలు పేరు బజారులో సగం మందికి తెలియదు. దుకాణాలకు బోర్డులు రాస్తుంది కాబట్టి బోర్డక్క. పన్నెండడుగుల కొట్టు, అందులో గోడకానించిన రేకులు, రంగు డబ్బాలు, రెండు నిచ్చెనలు, లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే టర్పెంటైన్ వాసన. ఫ్లెక్సులొచ్చాక పని పల్చబడింది. మిషన్లోంచి గంటకో బోర్డు ఊడిపడుతుంటే రేకు మీద నాలుగు రోజులు కూర్చుని రాసేవాళ్లు ఎవరికి కావాలి? చేతులు ఖాళీగా ఉండటం పడక, ఆవిడ పాత నోటుబుక్కుల్లో తాను రాసిన బోర్డుల కథలు రాయడం మొదలుపెట్టింది. అప్పులవాళ్లకు భయపడి మూడుసార్లు పేరు మార్చిన ఇస్త్రీ కొట్టు, బోర్డు తప్ప లోపల ఏమీ లేని ట్యుటోరియల్, విడిపోయిన అన్నదమ్ములు ఒకే బోర్డును మధ్యకు కోసి పంచుకున్న సైకిల్ షాపు, అలా నలభై ఒక్క కథలు. పక్క వీధి ప్రెస్సాయన మూడువందల కాపీలు వేశాడు. పేరు ‘నిచ్చెన మీంచి ఊరు’.

ఆ మూడువందల కాపీలూ చెల్లిపోవాలని ఆవిడకు పెద్ద ఆరాటమేం లేదు. ఆరాటమంతా ఒక్క మనిషి కోసం. ఆ మనిషి ఈ పుస్తకం చదవాలి. మొత్తం చదవకపోయినా చివరి కథ చదవాలి. ఆ మనిషి ఆవిడ అన్న. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన ఎక్కడుంటున్నాడో కూడా ఆవిడకు తెలియదు. బంధువులను అడిగితే తెలియదంటారు, లేదంటే తెలియనట్టు ముఖం పెడతారు. అడ్రసు ఇవ్వొద్దని ఆయనే అందరి దగ్గరా మాట తీసుకున్నాడని తర్వాతెప్పుడో ఒక పిన్ని నోరు జారింది.

ఆవిడకు బ్రష్షు పట్టడం నేర్పింది అన్నే. సుద్దదారం విదిలించి గీత కొట్టడం, వణక్కుండా చేతికర్ర మీద మణికట్టు ఆనించడం, అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలి ఆడేంత సందు వదలడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన చెప్పిన మొదటి సూత్రం ఒకటుంది. నడుస్తున్న బస్సులో కూర్చున్నవాడు చదవగలిగితేనే అది బోర్డు, లేకపోతే ఉత్త రంగేసిన రేకు. రెండో సూత్రం, రాసినవాడు తన పేరు బోర్డు మీద రాసుకోకూడదు. కొట్టు ఇంకొకళ్లది, మన పేరుకు అక్కడేం పని అనేవాడు. కుడివైపు కింద మూలన చిన్న గుర్తు వేసుకుంటే చాలు. ఆయన గుర్తు చేప. ఆరో నంబరు బ్రష్షు తీసుకుని, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే చేప పడేది. కన్ను మాత్రం చెల్లెలి చేత పెట్టించేవాడు. ఆవిడ పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మొదలైంది ఆ వాడుక. చేప అన్నది, కన్ను చెల్లెలిది. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆ పంపకం మాత్రం మారలేదు.

తర్వాత పెద్దాసుపత్రి బోర్డు వచ్చింది. నలభై అడుగుల బోర్డు, రెండో అంతస్తు మీద. సరిగ్గా అప్పుడే అన్న నడుం పట్టేసి మంచాన పడ్డాడు. పందొమ్మిది రోజులు బోర్డక్క ఒక్కతే పరంజా మీద నిలబడి రాసింది. చివరి రోజు అన్న కాస్త కోలుకుని వచ్చాడు. మెల్లిగా పైకెక్కి, పని చూసి తల ఊపి, మూలన చేప వేశాడు. చీకటి పడుతోందన్న తొందరో, చేతి ఊపో, కన్ను కూడా ఆయనే పెట్టేసి దిగిపోయాడు. కింద రంగులు సర్దుతున్న చెల్లెలు తలెత్తి చూసింది. ఒళ్లు భగ్గున మండింది. పందొమ్మిది రోజుల ఎండ ఒక ఎత్తు, ఆ కన్ను ఒక ఎత్తు. మర్నాడు పొద్దున్నే ఎక్కి, బ్లేడుతో చేపను గీకేసి, ఆ చోట తన పేరు జానెడెత్తున రాసుకుంది. మూలన గుర్తుండాల్సిన చోట పేరు, అదీ జానెడు.

అన్న రోడ్డు మీద నిలబడి చూశాడు. కొట్టుకొచ్చి బ్రష్షులు కడిగి, తాళంచెవి తాళాలాయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే కొడుకుతో కలిసి ఊరు మారాడు. ఆరో నంబరు బ్రష్షు ఒక్కటీ డబ్బాలో ఉండిపోయింది. కావాలని వదిలాడో, మరిచాడో తెలియదు. బోర్డక్క ప్రతి ఆదివారం దాన్ని టర్పెంటైన్‌లో కడిగి, వెంట్రుకలకు నూనె రాసి, మళ్లీ డబ్బాలో నిలబెడుతుంది. వాడదు. ఆ రోజునుంచి ఏ బోర్డు మీదా పేరు రాయలేదు, గుర్తూ పెట్టలేదు. మూల ఖాళీగా వదిలేస్తుంది. పుస్తకం అట్ట మీద కూడా పేరొద్దని ప్రెస్సాయనతో యుద్ధం చేసింది. పేరులేని పుస్తకం నేను వెయ్యనమ్మా అని ఆయన భీష్మించుకుంటే, అడుగున చిన్న అక్షరాల్లో వెయ్యడానికి ఒప్పుకుంది.

వెబ్‌సైటు ఆలోచన కోడలిది. పళ్లడాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకునే ఉద్యోగం ఆ అమ్మాయిది. ఆ క్లినిక్కు వెబ్‌సైటు కూడా తనే చూస్తుంటుంది. చివరి కథ చదివిన రోజు, కళ్లు తుడుచుకుని, అడ్రసు తెలియని మనిషికి పోస్టులో పంపలేం కానీ, ఆయనే వచ్చి చూసుకునేలా ఒకచోట పెట్టొచ్చు కదా అంది. తలుపు తట్టక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు, చూసి వెళ్లిపోవచ్చు. ఆ ‘చూసి వెళ్లిపోవచ్చు’ అన్న మాట బోర్డక్కకు బాగా నచ్చింది. అన్న పంతం ఆవిడకు తెలుసు. తొంగి చూడటానికైనా ఆయనకు వంక కావాలి.

మొదటి ఆదివారం భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కోడలు ఉత్సాహంగా తయారుచేసింది. పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది, పేజీలు రెపరెపలాడతాయి, వెనక మబ్బులు కదులుతాయి, చిన్నగా వేణువు మోగుతుంది. అత్తగారు వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్లి నిలబడింది. అక్కణ్నుంచి వీధి తలుపు దాకా తెరను చూస్తూ గబగబా నడిచి వెళ్లింది. ఏం చేస్తున్నారత్తయ్యా అని కోడలు నోరెళ్లబెడితే, బస్సులో వెళుతున్నానని చెప్పింది. ఏం చదివారంటే, మబ్బులు చదివానంది.

అంతే, ఇంక కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. మూడు ఆదివారాలు అత్తగారు వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య బస్సు తిప్పుతూనే ఉంది. మబ్బులు పోయాయి, వేణువు పోయింది, ఆరు రంగులు రెండయ్యాయి. పైన ఉండే తొమ్మిది బొత్తాలు మూడయ్యాయి. బోర్డంటే రెండే చెప్పాలంటుంది ఆవిడ, లోపల ఏముంది, తలుపు ఎటుంది. మిగతాదంతా లోపలికి వచ్చాక చూసుకుంటారు. చివరికి తెల్లటి తెర మీద పుస్తకం పేరు, అట్ట బొమ్మ, దాని కింద ‘ఒక ఊరి నలభై ఒక్క బోర్డులు, వాటి వెనక మనుషులు’ అన్న ఒక్క వాక్యం మిగిలాయి. ఒక కథ ఇక్కడే చదవండి, పుస్తకం కావాలంటే ఇలా తెప్పించుకోండి, ఏమైనా చెప్పాలంటే ఇక్కడ రాయండి, ఇవీ మూడు బొత్తాలు. కోడలు గొణుక్కుంటూనే చేసింది గానీ, అయ్యాక చూసి, మా క్లినిక్కుది కూడా ఇలా మార్చాలి అనుకుంది.

ఊరికే చదవడానికి పెట్టే కథ దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఎవరైనా మొదటి కథే పెడతారని కోడలు, చివరిదే పెట్టాలని అత్తగారు. కొస కథ ముందే చూపిస్తే ఇంక పుస్తకం ఎవరు కొంటారత్తయ్యా అని ఆ అమ్మాయి బాధ. అందరూ కొనకపోయినా ఫరవాలేదని ఆవిడ ఖాయంగా చెప్పేసింది. ఆ కథలో ఉన్నది పెద్దాసుపత్రి బోర్డు సంగతే. గీకిన చెయ్యి నాది, తప్పూ నాది అని ఆవిడ దాపరికం లేకుండా రాసుకుంది.

అంతా అయ్యాక, ఆవిడ ఒక రేకుముక్క మీద నల్ల రంగుతో ఒక చుక్క పెట్టి తీసుకొచ్చింది. దాన్ని ఫొటో తీసి పేజీకి కుడివైపు కింద మూలన పెట్టమంది. మినపగింజంత చుక్క. ఇదేమిటని కోడలు అడిగితే కన్ను అంది. చేప ఏదీ అంటే, చేప నేను వెయ్యకూడదంది. కోడలు అలాగే పెట్టింది.

లింకు బంధువుల గ్రూపులో వేశారు. తాళాలాయన తనకు తెలిసినవాళ్లందరికీ పంపి, తన కథ చదవడానికి పుస్తకం కొనాల్సిందేనని బెదిరించాడు. వారం గడిచింది, నెల గడిచింది. అన్న దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వచ్చిన సందేశాలు మొత్తం రెండు. మీ పేజీ మూలన ఏదో మరక పడింది, తుడిపించుకోండి అని ఒక పెద్దమనిషి మొదటిది. ఆవిడ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. రెండోది లైబ్రరీలో పనిచేసే ఆవిడ రాసింది. పాఠకులకు పరిచయం చేద్దామని రచయిత్రి పేరు కొట్టి ఎంత వెతికినా ఈ పేజీ దొరకలేదట, పుస్తకం పేరు గుర్తుంది కాబట్టి బతికిపోయానంది.

కోడలు ఆ సందేశాన్ని రెండుసార్లు చదివి నెత్తి కొట్టుకుంది. అట్ట బొమ్మలో పేరుంది కదా, చాలనుకున్నారు ఇద్దరూ. బొమ్మలో ఉన్న అక్షరాలు మనిషి కంటికి తప్ప వెతికే మిషనుకు ఆనవని అప్పుడు తట్టింది ఆ అమ్మాయికి. అంటే నెలరోజులుగా బోర్డక్క పేరు కొట్టినవాళ్లకు ఏమీ కనిపించలేదు. సరాసరి కొట్టుకే వెళ్లింది. బోర్డక్క కిందకూర్చుని ఒక రేకుకు తెల్లరంగు పూస్తోంది. కోడలు సంగతంతా చెప్పి, పైన పెద్దగా పేరు రాయాలంది.

ఆవిడ బ్రష్షు ఆపలేదు. పేరు రాయనంది. ఒకసారి రాసుకుని చూశానుగా, దాని రుచి తెలిసొచ్చిందిగా అంది.

కోడలు ఎప్పుడూ ఆవిడకు ఎదురుచెప్పే పిల్ల కాదు. ఆ రోజు మాత్రం రంగు డబ్బా పక్కకు జరిపి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, మీ అన్నయ్యగారు మిమ్మల్ని వెతకాలనుకున్నారనుకోండి. ఏమని వెతుకుతారు? మీరు పుస్తకం రాశారని ఆయనకు తెలీదు, దాని పేరు తెలీదు. ఆయనకు తెలిసింది మీ పేరొక్కటే. అది ఎక్కడా లేకుండా చేసింది మనమే."

బోర్డక్క చేతిలో బ్రష్షు ఆగిపోయింది. రేకు మీద రంగు కారుతున్నా చూసుకోలేదు. ఆయన వెతుకుతాడంటావా అని చాలా మెల్లిగా అడిగింది. నాకెలా తెలుస్తుందత్తయ్యా, వెతికితే మాత్రం దొరకాలిగా అంది కోడలు.

పేరు రాయడం అన్నను మళ్లీ అవమానించడమే అవుతుందని ఇన్నేళ్లూ ఆవిడ నమ్మకం. రాయకపోవడమే తలుపు మూసినట్టయిందని ఇప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నమే ఒక రేకు తీసి, సుద్దదారంతో గీత కొట్టి, పదకొండేళ్ల తర్వాత తన పేరు తాను రాసుకుంది. రెండో అక్షరం రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. దాన్ని ఫొటో తీసి పైన పెట్టారు. దాని కిందే కోడలు కీబోర్డు మీద అదే పేరు మళ్లీ కొట్టింది. మిషను అక్షరాలు చూసి బోర్డక్క ముఖం చిట్లించింది, సందులు చూడు, కరువులో పుట్టినట్టున్నాయని విసుక్కుంది. అయినా తియ్యమనలేదు. పేరు పక్కన ‘బోర్డులు రాస్తుంది, అన్న దగ్గర నేర్చుకుంది’ అని ఒక ముక్క చేర్పించింది. అదే రచయిత్రి పరిచయం.

తర్వాతి రోజులు ఆవిడ ఎలా గడిపిందో కోడలికే తెలుసు. క్లినిక్కు నుంచి రాగానే ముఖం కేసి చూసేది. కోడలు చెప్పులు విప్పుతూనే తల అడ్డంగా ఊపేది. ఇద్దరూ ఆ విషయం ఎత్తకుండా కాఫీ తాగేవాళ్లు.

పన్నెండో రోజు, సోమవారం, మిట్టమధ్యాహ్నం కోడలు రొప్పుతూ కొట్టుకొచ్చింది. క్లినిక్కులో ఎవరి పన్ను ఎలా ఉందో గాలికొదిలేసి వచ్చిందన్నమాట. బోర్డక్క నిచ్చెన మీదుంది. దిగండత్తయ్యా, దిగాకే చదువుతాను అంది. ఆ గొంతు వినేసరికి ఆవిడకు అన్నకేమన్నా అయిందేమోనని ముందు అదే తోచింది. మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి స్టూలు మీద కూర్చుంది. కోడలు ఫోను చూస్తూ చదివింది.

"నమస్తే. నేను మీ అన్నయ్యగారి మనవరాలిని. తాతయ్యకు చూపు బాగా తగ్గిపోయింది, అందుకని నేను రాస్తున్నాను. ప్రతి ఆదివారం నాచేత మీ పేరు కొట్టించి చూడమంటాడు. మూడేళ్లనుంచి కొడుతున్నాను. ఎప్పుడూ ఏమీ వచ్చేది కాదు. నిన్న వచ్చింది. కథ రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కింద కుడిమూలన ఏముందో చూడమన్నాడు. చుక్క ఉందన్నాను. చుక్క ఒక్కటేనా, సరిగ్గా చూడు అని మూడుసార్లు అడిగాడు. ఇక్కణ్నుంచి తాతయ్య చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను."

బోర్డక్క చీర కుచ్చెళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎదురు కొట్టులో తాళాలాయన పని ఆపి ఇటే చూస్తున్నాడు.

"పేరు బాగా పైకి పెట్టావటగా, బెత్తెడు కిందికి దించు. ఆ రోజు ఆ కన్ను నేను పెట్టకుండా ఉండాల్సింది. అది నీది. దిగగానే అనుకున్నాను, మళ్లీ ఎక్కి చెరిపే ఓపిక లేక వదిలేశాను. పొద్దున చెబుదామనుకుని వచ్చేసరికి నువ్వు గీకేశావు. ఇంక నాకు నోరు రాలేదు. ఇప్పుడు కన్ను పెట్టి చేపను వదిలేశావు, అది నేనొచ్చి వెయ్యాలి. కళ్లు కనబడకపోయినా ఆ గీత చేతికి గుర్తుంది. నా ఆరో నంబరు బ్రష్షు ఉందా, పారేశావా? లేకపోతే చెప్పు, వచ్చేటప్పుడు కొనుక్కొస్తాను."

బోర్డక్కకు ఏడుపు ఆగలేదు. రంగు చేతులతోనే కళ్లు తుడుచుకుంటే బుగ్గలు తెల్లగా అయ్యాయి. కోడలు కూడా ఏడుస్తూనే, ఏమని రాయమంటారని అడిగింది. ఆవిడ లేచి మూలనున్న డబ్బాలోంచి బ్రష్షు తీసింది. నిన్ననే కడిగింది, ఇంకా నూనె తడి ఉంది. వెంట్రుకలను అరచేతి మీద ఒకసారి అటూ ఇటూ ఆడించి చూసింది.

"కొనొద్దని రాయి," అంది. "మెత్తగానే ఉంది, త్వరగా రమ్మను."